కాన్పుతో పోయిందనుకున్నాం

బాగేపల్లిలో గానీ చింతామణిలో గానీ నాలుగు కిలోల బిడ్డ పుడితే ఆస్పత్రి వరండాలోనే మిఠాయి పొట్లం విప్పుతాం. "బిడ్డ బొద్దుగా ఉండాది, తల్లి బాగా తినింది" అని అవ్వలు మురిసిపోతారు. తండ్రి ఫోనులో అందరికీ తూకమే ముందు చెప్తాడు, ఆడబిడ్డా మగబిడ్డా అన్నది తర్వాత. ఆ బిడ్డ అంత బరువు ఎందుకు తూగిందని అడిగిన మగవాణ్ణి నేను చూడలేదు. నేనూ ఎన్నడూ అడగలేదు. చిక్కబళ్ళాపురం జిల్లాలో ఇంట్లో తెలుగు, ఆఫీసులో కన్నడం మాట్లాడుకుంటూ బతికే మనందరి మీదా నేను ఈ నేరం మోపుతున్నాను. మొగుళ్ళు, అత్తలు, పంచాయితీ మెంబర్లు, మాస్టర్లు, పత్రికలకు రాసే నాలాంటివాళ్ళు, అందరమూ ముద్దాయిలమే.

నేరం ఏమిటో ముందు చెప్పాలి. కడుపుతో ఉన్న మనిషిలో మాయ నుంచి వచ్చే హార్మోన్లు ఇన్సులిన్ పనికి అడ్డం పడతాయి. అయిదారు నెలలు నిండేసరికి ఆ అడ్డు బలపడుతుంది. చాలామందిలో క్లోమం ఇంకాస్త ఎక్కువ ఇన్సులిన్ తయారుచేసి సరిపెట్టుకుంటుంది. సరిపెట్టుకోలేని వాళ్ళకు షుగర్ పెరుగుతుంది. మన దేశంలో నూరుమంది గర్భిణుల్లో పది నుంచి పధ్నాలుగు మందికి ఇది వస్తున్నదని కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాలే అంచనా కట్టాయి. నొప్పి ఉండదు, జ్వరం ఉండదు. దప్పిక, మాటిమాటికీ ఒంటేలుకు లేవడం, నీరసం మామూలు చూలింతకూ ఉండేవే కాబట్టి వాటిని బట్టి ఎవరూ పసిగట్టలేరు. రక్తం పరీక్ష చేస్తే తప్ప తెలియదు.

తల్లి రక్తంలో ఎక్కువైన చక్కెర మాయ దాటి బిడ్డలోకి పోతుంది. తల్లి ఇన్సులిన్ దాటదు. అందుకని బిడ్డ తన చిన్న క్లోమంతోనే ఇన్సులిన్ తయారుచేసుకుంటుంది, ఆ ఇన్సులిన్ చక్కెరను కొవ్వుగా మార్చి భుజాల మీదా పొట్ట మీదా పేరుస్తుంది. మనం మిఠాయి పంచిన బొద్దుతనం చాలాసార్లు అదే. తల బయటికి వచ్చాక భుజం ఇరుక్కుంటుంది. లాగితే మెడ దగ్గరి నరం దెబ్బతిని చేయి వాలిపోయే ప్రమాదం ఉంది. ఉమ్మనీరు పెరగడం, తల్లికి రక్తపోటు, ఆపరేషను కాన్పు, కడుపులోనే బిడ్డ చనిపోవడం, అన్నీ ఈ దారిలో ఉన్నవే.

బొడ్డుతాడు కోసిన తర్వాత జరిగేది మనకు అసలే తెలియదు. తల్లి నుంచి వచ్చే చక్కెర ఆ క్షణంతో ఆగిపోతుంది. బిడ్డ ఒంట్లో ఇన్సులిన్ మాత్రం ఇంకా పొంగుతూనే ఉంటుంది. గంటా రెండు గంటల్లో బిడ్డ రక్తంలో చక్కెర పడిపోతుంది. డెసిలీటరుకు 45 మిల్లీగ్రాముల కంటే తగ్గితే డాక్టర్లు గాబరా పడతారు. ఆ పడిపోవడం బయటికి ఎలా కనిపిస్తుంది? కొందరు బిడ్డలు వణుకుతారు. చాలామంది ఊరికే పడుకుంటారు. పాలకు లేవరు, గట్టిగా ఏడవరు. మన ఇళ్ళలో అలాంటి బిడ్డను చూసి ఏమంటాం? "మంచి బిడ్డ, తల్లిని సతాయించదు" అంటాం. లేపొద్దని వచ్చినవాళ్ళను గదమాయిస్తాం. ఆ నిద్ర మెదడుకు చేటు చేయగలదని మనకు ఎవరూ చెప్పలేదా అంటే, చెప్పడానికి వచ్చిన నర్సును బయటికి పంపింది మనమే.

అలా చక్కెర పడిపోవడానికి మొదటి మందు తల్లి దగ్గరే ఉంది. పుట్టిన గంటలోపు ముర్రుపాలు పట్టాలి, ఆపైన రెండు మూడు గంటలకోసారి లేపి పట్టాలి, మడమ మీద సూదితో గుచ్చి చక్కెర చూస్తుండాలి. మనం ఏం చేస్తాం? ముర్రుపాలు పిండి పారబోయిస్తాం. తేనె నాకిస్తాం. గాడిదను తోలుకొని వీధుల్లోకి వచ్చేవాడి దగ్గర చిన్న గిన్నెడు పాలు కొని, బిడ్డకు దిష్టీ దగ్గూ తగలకుండా పోస్తాం. మడమ మీద గుచ్చబోయిన సిస్టరుతో "పసిగుడ్డుకు సూదులెందుకు మేడం" అని తగువు పెట్టుకుంటాం. ఆ తగువులో గెలిచి ఇంటికొచ్చి గొప్పగా చెప్పుకున్న తాతలను నేను ఎరుగుదును.

ఇప్పుడు పరీక్ష సంగతి. కేంద్ర ఆరోగ్య శాఖ 2014లో మార్గదర్శకాలు ఇచ్చింది, 2018లో సవరించింది. గర్భిణి మొదటిసారి ఆస్పత్రికి వచ్చినప్పుడు ఒకసారి, మళ్ళీ 24 నుంచి 28 వారాల మధ్య ఇంకోసారి పరీక్ష చేయాలి. 75 గ్రాముల గ్లూకోజు పొడి, 300 మిల్లీలీటర్ల నీళ్ళు. అయిదు పది నిమిషాల్లో తాగేయాలి. రెండు గంటలయ్యాక రక్తం చూస్తారు. 140 గానీ అంతకు మించి గానీ ఉంటే గర్భంలో షుగర్ ఉన్నట్టే. పరగడుపున రావాల్సిన పని కూడా లేదు, సంగటి తినే రావచ్చు. అరగంట లోపు వాంతి అయితే మరునాడు మళ్ళీ చేస్తారు, అరగంట దాటాక అయితే అలాగే కొనసాగిస్తారు. ఈ పద్ధతి చెన్నై డాక్టరు వి. శేషయ్య, ఆయన తోటివాళ్ళు పట్టుబట్టి నిలబెట్టినది. పల్లె నుంచి పొద్దున మొదటి బస్సుకు బయలుదేరే ఆడమనిషిని కడుపు మాడ్చుకొని రమ్మంటే రాదని వాళ్ళకు తెలుసు. తమిళనాడు ప్రభుత్వం గర్భిణులందరికీ ఈ పరీక్ష చేయాలని 2007లోనే నిర్ణయించింది. అదే ఏడాది మనం కోలారు నుంచి విడిపోయి సొంత జిల్లా అయ్యాం. టపాసులు కాల్చాం.

రెండు గంటలు. మొత్తం కథ ఆ రెండు గంటల దగ్గర తెగిపోతుంది. తియ్యటి నీళ్ళు తాగిన మనిషికి వికారంగా ఉంటుంది, కళ్ళు తిరుగుతాయి, బెంచీ మీద పది మంది మధ్య కూర్చోవాలి. అరగంట గడవకముందే బయట బండి మీద ఉన్న మొగుడు ఫోను చేస్తాడు. "ఇంకా ఎంతసేపు? పన్నెండు గంటల బస్సు పోతే మళ్ళీ మూడుకే." టమాటా మండీకి లోడు పోవాలంటాడు, ఆవుకు గడ్డి వేయాలంటాడు. ఆమె ముఖం మాడ్చుకొని లేచి వచ్చేస్తుంది. గ్లూకోజు తాగింది, రక్తం ఇవ్వలేదు. తర్వాతి నెలలో అడిగితే "ఆ పరీక్ష అయిపోయింది మేడం" అంటుంది. ఆమె అబద్ధమాడలేదు, తన వంతు ఆమె చేసింది. క్రికెట్ మ్యాచి కోసం టీవీ ముందు రోజంతా కూర్చోగల మనకు ఆ రెండు గంటలు బరువైపోయాయి.

ఆస్పత్రికి రావడం లేదు కాబట్టి తెలియడం లేదని తప్పించుకోవడానికి కూడా లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం కర్ణాటకలో నూటికి 97 కాన్పులు ఆస్పత్రుల్లోనే జరుగుతున్నాయి. చూలింత ప్రతి నెలా ఆశా అక్క కంట పడుతుంది, చూలింత చేతిలో పరీక్షల వివరాలు రాసే తాయి కార్డు ఉంటుంది, ప్రతి నెలా తొమ్మిదో తేదీన సర్కారీ ఆస్పత్రుల్లో గర్భిణులకు ప్రత్యేకంగా డాక్టరు పరీక్ష 2016 నుంచి నడుస్తోంది. తలుపు తెరిచే ఉంది. గడప దాకా తెచ్చి వెనక్కి తిప్పుకొని పోతున్నది మనం.

షుగర్ బయటపడ్డాక మన తెలివి ఇంకా ఎక్కువ పని చేస్తుంది. అంతవరకూ "ఇద్దరి తిండి తినాలమ్మా" అని సీమంతంలో హోళిగ మీద హోళిగ వడ్డించిన చేతులే ఒక్కసారిగా కంచం లాగేసుకుంటాయి. అన్నం బంద్, పండు బంద్, మూడు పూటలా పల్చటి రాగి గంజి. రాగి తింటే షుగర్ రాదని మన గట్టి నమ్మకం. వంద గ్రాముల రాగుల్లో దాదాపు డెబ్బై గ్రాములు పిండిపదార్థమే, జావగా కాస్తే అది ఇంకా తొందరగా రక్తంలోకి ఎక్కుతుంది. గట్టి సంగటి చిన్న ముద్ద, పక్కన ఆకుకూర పప్పు, గుడ్డో ఉలవచారో, మధ్యమధ్య చిన్న ఫలహారం, తిన్నాక కాసేపు నడక, డాక్టర్లు చెప్పేది ఇంతే. కడుపు మాడ్చమని ఎవరూ చెప్పలేదు. మాడిస్తే బిడ్డ బలహీనంగా పుడుతుంది, అది ఇంకో కష్టం. మరోవైపు ప్రభుత్వం 2017 నుంచి మాతృపూర్ణ పథకం కింద అంగన్‌వాడీలో గర్భిణులకు మధ్యాహ్నం వేడి అన్నం పెడుతోంది. అన్నం, సాంబారు, గుడ్డు, పాలు, చేతిలో శెనక్కాయ చిక్కీ. రక్తం తక్కువైన చూలింతలకు అది అమృతం. షుగర్ ఉన్న చూలింతకూ అదే బెల్లం పాకం చిక్కీయే అందుతుంది. ఈమెకు చిక్కీ బదులు ఇంకో గుడ్డు ఇవ్వండని గ్రామసభలో లేచి అడిగిన మెంబరు పేరు మీకు తెలిస్తే నాకు చెప్పండి.

రెండు వారాల పథ్యం తర్వాత కూడా భోజనమైన రెండు గంటలకు చక్కెర 120 దాటితే మాత్రో ఇన్సులినో మొదలుపెట్టాలి. ఇక్కడ అత్తగారు అడ్డం పడుతుంది. "సూదిమందు బిడ్డకు తగుల్తుందంట, వద్దు." బిడ్డకు తగిలేది చక్కెర. సూదిమందు మాయ దగ్గరే ఆగిపోతుంది. ఇంత సూటి విషయాన్ని మనం తలకిందులుగా నమ్మి, బిడ్డను చక్కెరకు అప్పజెప్పి మందు నుంచి కాపాడుతున్నాం. ఫ్రిజ్ లేని ఇంట్లో కోడలు ఇన్సులిన్ సీసాను తడిగుడ్డ చుట్టి మట్టి కుండలో దాచుకుంటుంది. చల్లగా ఉండాలన్నది ఒక కారణమైతే, వచ్చినవాళ్ళకు కనబడకూడదన్నది రెండో కారణం. కనబడితే ప్రశ్న సిద్ధంగా ఉంటుంది: "మీ అమ్మగారి వంశంలో ఉందా?" షుగర్‌కు పుట్టింటి పేరు పెట్టి చేతులు కడుక్కునే అలవాటు మనది. అత్తగారింట్లో మామకు కాలి వేళ్ళు తీసేసినా ఆ ప్రశ్న అటు తిరగదు.

"బార్డర్‌లో ఉంది, పర్వాలేదు" అనే ఇంకో మాట ఉంది. తొమ్మిది దేశాల్లో ఇరవై వేలకు పైగా గర్భిణులను చూసి 2008లో ప్రచురించిన హాపో అధ్యయనం తేల్చింది ఏమిటంటే, ఫలానా అంకె దాకా నిశ్చింత, అక్కడి నుంచే ప్రమాదం అనే గీత ప్రకృతిలో లేదు. చక్కెర పెరిగిన కొద్దీ పెద్ద బిడ్డ, ఆపరేషను, బిడ్డలో ఇన్సులిన్ అన్నీ మెట్టుమెట్టుగా పెరుగుతూనే పోతాయి. గీత డాక్టర్లు తమ వీలు కోసం గీసుకున్నది. మనం దాన్ని సరిహద్దు చెక్‌పోస్టు అనుకొని ఇవతల నిలబడి ఊపిరి పీల్చుకుంటున్నాం.

వీటన్నిటికంటే పెద్ద తప్పు కాన్పు తర్వాతది. మన రాష్ట్రంలోనే, మైసూరు హోల్డ్స్‌వర్త్ ఆస్పత్రిలో, 1997-98లో గర్భిణులను పరీక్షించి ఆ తల్లులనూ బిడ్డలనూ ఏళ్ళ తరబడి వెంట ఉండి చూశారు. పార్థెనాన్ అధ్యయనం అంటారు. నూటికి ఆరుగురు తల్లుల్లో గర్భంలో షుగర్ కనిపించింది. అయిదేళ్ళ తర్వాత మళ్ళీ పిలిచి చూస్తే వాళ్ళలో నూటికి 37 మందికి అసలు షుగర్ వ్యాధి వచ్చి ఉంది. గర్భంలో షుగర్ లేని తల్లుల్లో అది నూటికి 2. వాళ్ళ పిల్లలకు తొమ్మిదిన్నరేళ్ళు వచ్చేసరికి తోటి పిల్లలకంటే ఒంట్లో కొవ్వు, ఇన్సులిన్ ఎక్కువగా ఉన్నాయి. అదే ఆస్పత్రిలో 1934 నుంచి 1954 వరకు పుట్టినవాళ్ళ పాత రికార్డులు తీసి, పెద్దవాళ్ళయిన ఆ మనుషులను వెతికి పట్టుకొని పరీక్షిస్తే, పొట్టిగా బొద్దుగా పుట్టినవాళ్ళలో షుగర్ ఎక్కువ కనిపించిందని 1998లో రాశారు. ఇవన్నీ లండన్ మాటలు కావు. మన కేఎస్‌ఆర్‌టీసీ బస్సెక్కితే సాయంత్రానికి చేరే ఊరి మాటలు. ఏళ్ళ తరబడి అచ్చులో ఉన్నాయి. పత్రిక చదివేవాళ్ళం, రాసేవాళ్ళం, మన జిల్లాకు మోసుకు రాలేదు.

కాన్పయిన ఆరు వారాలకు తల్లికి మళ్ళీ గ్లూకోజు పరీక్ష చేయాలి. బాగుంటే ఏడాదికోసారి చూసుకోవాలి. ఈ ఆరో వారం ఎక్కడ జారిపోతుందో మనకు బాగా తెలుసు. తొలి కాన్పు పుట్టింట్లో. బాగేపల్లి కోడలు హిందూపురమో కదిరో గోరంట్లో పోతుంది, చింతామణి కోడలు మదనపల్లె పోతుంది. ఇక్కడి తాయి కార్డు అక్కడ పాత కాగితం, అక్కడి చీటీ ఇక్కడ ఎవరూ చూడరు. రెండు రాష్ట్రాల మధ్య పెళ్ళి సంబంధాలు కలుపుకోవడానికి మనకు ఏ సరిహద్దూ అడ్డం రాలేదు. ఒక కోడలి రక్తం రిపోర్టు మాత్రం కొడికొండ చెక్‌పోస్టు దాటదు. మూడో నెలలో బిడ్డను ఎత్తుకొని అత్తగారింటికి వచ్చినప్పుడు బిడ్డకు టీకాలు వేయించారా అని అడుగుతాం, తల్లికి షుగర్ చూపించారా అని అడగం. ఎవరైనా అడిగినా జవాబు తయారుగా ఉంటుంది: "అదా? కాన్పుతో పోయింది." బాలింతకు నెయ్యి, బెల్లం, కారప్పొడి అన్నం మొదలవుతాయి. అయిదేళ్ళ తర్వాత రెండో బిడ్డకు కడుపుతో ఉన్నప్పుడో, కాలి పుండు మానడం లేదనో ఆస్పత్రికి పోతే అప్పుడు 300 తేలుతుంది. అప్పుడూ మన మాట ఒకటే, "ఆమెకు ఎప్పుడొచ్చిందో ఏమో." ఎప్పుడొచ్చిందో ఆమె తొలి కాన్పు కార్డులో రాసే ఉంది.

మనకు గొంతు లేదా? ఉంది. శాశ్వత నీటిపారుదల కావాలని 2016లో ట్రాక్టర్లు కట్టుకొని బెంగళూరు దారి పట్టిన జిల్లా ఇది. బాగేపల్లిలో ఓటు అడగాలంటే ఏ పార్టీవాడైనా తెలుగులోనే అడగాలి. కైవారంలో నారాయణ తాతయ్య కీర్తనలు తెలుగులో పాడుకుంటూ రాత్రంతా భజన చేసే ఊళ్ళు మనవి. సరిహద్దు తెలుగు గురించి, తల్లిభాష గురించి సభలు పెట్టుకున్నాం, శాలువాలు కప్పించుకున్నాం, నేనూ కప్పించుకున్నాను. ఆ సభల్లో ఒక్కదానిలోనైనా, చూలింతకు ఏ నెలలో ఏ పరీక్ష చేయించాలో తెలుగులో నాలుగు ముక్కలు రాసి అచ్చేసి పంచలేదు. ఆ పనంతా ఆశా అక్క ఒక్కతే, గడపలో నిలబడి, కన్నడ కరపత్రాన్ని తనకు తోచిన తెలుగులో చెప్పుకుంటూ పోతోంది. 2025 జనవరి చలిలో ఆమె, ఆమెలాంటి వేలమంది గౌరవ వేతనం పెంచమని బెంగళూరు ఫ్రీడం పార్కులో కూర్చున్నారు. మన జిల్లా రచయితలు ఎవరైనా పోయి పక్కన కూర్చున్నారేమో నాకు కనబడలేదు. నేను పోలేదు.

డాక్టర్ల కొరత, ల్యాబులో మనిషి లేకపోవడం, జిల్లా ఆస్పత్రి బాగేపల్లికి దాదాపు నలభై కిలోమీటర్ల దూరంలో ఉండడం నిజమే. వాటి మీద అర్జీలు పెట్టాల్సిందే. కానీ పరీక్షకు కావలసింది గ్లూకోజు పొట్లం, గ్లాసెడు నీళ్ళు, వేలి మీద గుచ్చి చూసే చిన్న మీటరు, రెండు గంటల సమయం. మొదటి మూడూ సర్కారు ఇవ్వాలి. నాలుగోది మన జేబులో ఉండి మనం ఇవ్వనిది.

ఇంట్లో అయిదేళ్ళ లోపు బిడ్డ ఉన్న ప్రతి మగవాడికీ, ప్రతి అత్తకూ ఒక పని చెప్తున్నాను. ఈ రోజే ఆ బిడ్డ తల్లి తాయి కార్డు వెతికి తీయండి. గర్భంలో షుగర్ 140 గానీ ఆపైన గానీ రాసి ఉందేమో చూడండి. ఉండి, కాన్పు తర్వాత మళ్ళీ పరీక్ష చేయించకపోతే, ఆరు వారాలు ఎప్పుడో దాటినా ఫరవాలేదు, దగ్గరి సర్కారీ ఆస్పత్రికి తీసుకుపోండి. కార్డులో ఆ అంకే లేకపోతే, పరీక్ష జరిగిందో లేదో ఆమెనే అడగండి. మీ ఇంట్లో ఇప్పుడు చూలింత ఉంటే వచ్చే తొమ్మిదో తేదీన వెంట పొండి. ఆమె గ్లూకోజు తాగాక బయట బండి దగ్గర కాదు, లోపల బెంచీ మీద ఆమె పక్కన కూర్చోండి, రక్తం ఇచ్చేదాకా లేవకండి.